కంప్యూటరు గొంతు తడబడుట ఏల?

అనంతపురము పీఠభూమిలో సేద్యము చేయు రైతునకు బాగుగా తెలిసిన సత్యమొకటి కలదు. సంవత్సరము పొడవున ఎంత వాన పడినదను లెక్క పంటను కాపాడదు. ఈ ప్రాంతమున సాలీనా కురియు వర్షము సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. అది సకాలమున కురిసినచో వేరుసెనగ పండును. కాని ఊడలు దిగి కాయ ఊరు దినములలో మూడు నాలుగు వారములు చినుకు రాలకపోయినచో, ఆ పిమ్మట కుంభవృష్టి కురిసినను ఎండిన చేను తేరుకొనదు. ఎంత అందినదన్నది ఒక ప్రశ్న. వేళకు అందినదా అన్నది మరియొక ప్రశ్న. పంటకు రెండవదియే ప్రాణము.

కంప్యూటరులో పాటయో, పాఠమో వినునపుడు ఎదురగు ఒక సామాన్యమైన చిక్కునకు మూలము కూడ ఇదియే. నిన్నటి వరకు సాఫీగా పలికిన యంత్రము, ఆపరేటింగు సిస్టమును కొత్తదానికి మార్చిన నాటి నుండి నత్తి నత్తిగా పలుకును. మాట మధ్యలో తెగును. ఒకే అక్షరము రెండు మూడు మారులు వినిపించును. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగియుటచే ఎందరో విండోస్ 11కు మారవలసి వచ్చినది. అందుకు తగని పాత కంప్యూటరులలో కొందరు లినక్సును ఎక్కించుకొన్నారు. ఇట్టి మార్పు జరిగిన చోట ఈ తడబాటు కానవచ్చుట కద్దు. అప్పుడు చాలమంది యంత్రము ముసలిదైనదని తలచి కొత్తది కొనుటకు సిద్ధపడుదురు. అది తరచు అనవసరమైన ఖర్చు.

ధ్వని అంకెలగు విధము

ధ్వని గాలిలో తరంగముగా ప్రయాణించును. కంప్యూటరు ఆ తరంగమును ఉన్నదున్నట్లు దాచుకొనలేదు. దాని ఎత్తుపల్లములను క్షణక్షణము కొలిచి, ఆ కొలతలను అంకెలుగా వ్రాసుకొనును. సంగీతపు సీడీలో ఈ కొలతలు సెకండునకు 44,100. సినిమాలు, వీడియోలలో సాధారణముగా 48,000. మరల వినిపించునపుడు ఈ అంకెలను సౌండు కార్డు వరుసగా విద్యుత్తుగా మార్చి స్పీకరునకు పంపును.

సీడీ ప్రమాణమున రెండు చెవులకు వేరువేరుగా, ఒక్కొక్క కొలతకు రెండు బైట్ల వంతున లెక్కించినచో సెకండునకు 1,76,400 బైట్లు కావలెను. ఇది నేటి కంప్యూటరునకు ఏ మాత్రము బరువు కాదు. సెకండునకు 200 కోట్ల స్పందనములు గల ప్రాసెసరు ఈ పనిని నిద్రలో కూడ చేయగలదనిపించును. మరి తడబాటు ఏల? సౌండు కార్డు ఎవ్వరి కొరకును ఆగదు గనుక! అది గడియారమువలె సమాన వేగమున అంకెలను తీసుకొనుచునే ఉండును. ప్రాసెసరు మాత్రము నూరు పనులమధ్య తిరుగుచుండును. ఒకడు నిలకడగా అడుగువాడు, మరియొకడు తీరిక దొరికినపుడు ఇచ్చువాడు. వీరిద్దరికి పొత్తు కుదిర్చునదే బఫరు.

చెరువు, తూము, నీరుగంటి

బఫరు అనగా అంకెల చెరువు. రాయలసీమలో చెరువులు ఏల త్రవ్విరి? వాన ఎప్పుడో ఒకప్పుడు వచ్చును, పైరునకు నీరు నిత్యము కావలెను. 14వ శతాబ్దమున విజయనగరపు బుక్కరాయల కాలములో పండమేరు నీటిని నిలిపి కట్టిన అనంతపురము, బుక్కరాయసముద్రము చెరువుల ప్రయోజనము అదియే. వాగు పొంగినపుడు నింపుకొనుట, తూము ద్వారా నిలకడగా వదలుట.

కంప్యూటరులో ప్రాసెసరు వాగు వంటిది. అది ఒక్కమారుగా కొన్ని అంకెలను తెచ్చి బఫరులో పోయును. సౌండు కార్డు తూము వంటిది. నీటి మట్టము కనిపెట్టి సకాలమున నింపించు నీరుగంటి పాత్రను ఆపరేటింగు సిస్టము వహించును. లినక్సులో నేడు విరివిగా ఉన్న పైప్‌వైర్ అను ధ్వని వ్యవస్థ సాధారణముగా 1,024 కొలతలను ఒక విడతగా తీసుకొనును. సెకండునకు 48,000 వంతున అది సుమారు 21 మిల్లీసెకండ్ల ధ్వని. ప్రతి 21 మిల్లీసెకండ్లకు ఒకసారి తప్పక నింపవలెను. ఆ వ్యవధిలో పైన చెప్పిన ప్రాసెసరునకు నాలుగు కోట్లకు పైగా స్పందనములు కలుగును. శక్తికి లోటు లేదు. కాని ఆ సమయమున వై-ఫై డ్రైవరు వంటిదేదో ప్రాసెసరును 30 మిల్లీసెకండ్లు వదలక పట్టుకొన్నచో నీరుగంటి బయటనే నిలబడును. చెరువు ఎండును.

ఎండిన బఫరు రెండు విధములుగా వినిపించును. సౌండు కార్డు శూన్యమును పలికినచో మాట తెగును. బఫరు గుండ్రని గొలుసు వలె అమర్చబడియుండును గనుక, కొత్త అంకెలు రానిచో కార్డు చుట్టు తిరిగి వచ్చి పాత అంకెలనే మరల పలుకుటయు కలదు. “క-క-క” అను నత్తికి కారణమిదే.

చెరువును పెద్దది చేసినచో చిక్కు తీరదా? కొంత తీరును. కాని చెరువు పెద్దదైనకొలది అందులో పోసిన నీరు తూము చేరుటకు ఆలస్యమగును. సినిమా చూచువానికి ఈ ఆలస్యము తెలియదు. బొమ్మను కూడ అంతే ఆపి చూపవచ్చును. ఎదుటివారితో మాటలాడువానికి, మీట నొక్కగానే బదులు వినగోరువానికి అది పెద్ద అడ్డంకి. కావుననే బఫరు పరిమాణము ఎప్పుడును ఒక రాజీ.

పాతది బాగుండగా కొత్తది తడబడుట

ఈ ప్రశ్నకు సమాధానమును 2008లో జరిగిన ఒక ఉదంతము చక్కగా తెలుపును. ఆ ఏప్రిలులో వెలువడిన ఉబుంటు 8.04 అను లినక్సు విధానములో లెనార్ట్ పొయెట్టరింగ్ రూపొందించిన పల్స్ ఆడియో అను ధ్వని వ్యవస్థను ప్రవేశపెట్టిరి. చాలమంది కంప్యూటరులలో ధ్వని తెగసాగెను. అదే సంవత్సరము పల్స్ ఆడియోలో మరియొక మార్పు వచ్చెను. అంతకు ముందు సౌండు కార్డు తానే “ఒక విడత అయినది, ఇంక పోయుము” అని పిలుచుచుండెడిది. కొత్త పద్ధతిలో పెద్ద బఫరును నింపి, కార్డు ఎంతవరకు వాడినదో చూచుకొని, గడియారము ప్రకారము తానే మేల్కొని నింపవలెను. ప్రాసెసరును మాటిమాటికి లేపనక్కరలేదు గనుక విద్యుత్తు ఆదా అగును. ఆలోచన మంచిదే. కాని కొన్ని సౌండు కార్డుల డ్రైవరులు తాము ఎంతవరకు వాడినవో సరిగా చెప్పకపోయెను. నీటి మట్టము చూపు కొలబద్ద తప్పు చూపినచో ఎంత మెలకువ గల నీరుగంటి యైనను ఏమి చేయగలడు?

ఇందులో గ్రహింపదగిన విషయమొకటి కలదు. ఆ డ్రైవరులలోని తప్పు కొత్తది కాదు. పాత పద్ధతి ఆ కొలబద్ద మీద అంతగా ఆధారపడలేదు గనుక అది బయటపడలేదు. మార్పు లోపమును పుట్టింపక, దాగిన లోపమును వెలికి తీసినది. అనంతరము డ్రైవరులను సరిదిద్దిరి. 2021లో ఫెడోరా 34, 2022లో ఉబుంటు 22.10 పల్స్ ఆడియో స్థానమున విమ్ టేమన్స్ ప్రారంభించిన పైప్‌వైర్‌ను స్వీకరించినవి.

కారణమును పట్టుకొను విధము

వైద్యుడు నాడి చూడక మందీయడు. ఇచటను అంతే. ఒక్కసారికి ఒక్కటే మార్చి ఫలితము వ్రాసుకొనవలెను. నాలుగు కలిపి మార్చినచో దేనివలన బాగైనదో తెలియదు.

మొదట ఒక దినము ఓపిక పట్టుట మేలు. కొత్త విధానము ఎక్కించిన వెంటనే కంప్యూటరు లోలోపల ఫైళ్ల పట్టికలు తయారుచేసుకొనుట, మిగిలిన భాగములను దించుకొనుట వంటి పనులలో మునిగియుండును. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరచినచో ప్రాసెసరును, డిస్కును ఏ ప్రోగ్రాము తినుచున్నదో కనబడును. ఆ పనులు ముగిసిన పిదప తడబాటు తానే పోవుట కలదు.

రెండవది, ఇంటర్నెట్టులోని పాటయు, కంప్యూటరులోనే దాచిన పాటయు రెండును వినవలెను. మొదటిది మాత్రమే తడబడినచో దోషము కనెక్షనుది. రెండును తడబడినచో దోషము లోపలిది.

మూడవది, బ్లూటూతు హెడ్‌ఫోనును తీసి తీగ గల దానిని పెట్టి చూడవలెను. బ్లూటూతు 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతమున పనిచేయును. వై-ఫై కూడ పెక్కుచోట్ల అదే ప్రాంతమును వాడును. ఒకే ఇరుకు బాటలో రెండు బండ్లు వంటిది ఆ స్థితి.

నాల్గవది, తడబాటు లయబద్ధముగా, నిర్ణీత వ్యవధిలో వచ్చుచున్నదా అని గమనింపవలెను. అట్లైనచో ఏదో ఒక పని గడియారము ప్రకారము అడ్డుపడుచున్నదని అర్థము. వై-ఫైను కొంతసేపు ఆపి వినినచో దాని పాత్ర తేలిపోవును.

ఐదవది డ్రైవరు. కొత్త విధానము ఎక్కునపుడు సౌండు కార్డు తయారీదారు డ్రైవరునకు బదులు సామాన్య డ్రైవరు వచ్చి చేరుట కద్దు. తయారీదారు ఇచ్చు కొత్త డ్రైవరును ఎక్కింపవలెను. డ్రైవరు మారిన తరువాతనే చిక్కు వచ్చినచో విండోస్ డివైస్ మేనేజర్‌లోని రోల్ బ్యాక్ డ్రైవర్ అను మీటతో పాతదానికి మరలవచ్చును. ధ్వనికి మెరుగులు దిద్దు ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్‌ను కూడ ఆపి చూడవలెను. లినక్సులో కంప్యూటరు మొదలగునపుడు పాత కెర్నలును ఎన్నుకొనవచ్చును. దానితో ధ్వని బాగైనచో దోషస్థానము తెలిసినట్లే. పైప్‌వైర్ గల చోట పీడబ్ల్యూ-టాప్ అను ఆదేశము, బఫరు ఎన్నిమారులు తప్పినదో అంకెలలో చూపును.

ఆరవది వేడిమి. వేసవిలో ఈ పీఠభూమిపై పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటును. ఎర్రమట్టి దుమ్ము ఫ్యానులో చేరి గాలిని అడ్డును. మిక్కిలి వేడెక్కిన ప్రాసెసరు తనను కాపాడుకొనుటకు తానే వేగము తగ్గించుకొనును. ఉదయము బాగుగా పలికి మధ్యాహ్నము తడబడు యంత్రమునకు కావలసినది కొత్త ప్రోగ్రాము కాదు, దుమ్ము దులుపుట.

గొంతు సన్నబడి వేగముగా వినిపించినచో అది తడబాటు కాదు. 44,100 కొలతల ధ్వనిని మార్పు చేయక 48,000 వేగమున పలికించుటచే కలుగు వికారము. ధ్వని అమరికలో ఆ సంఖ్యను సరిచేయవలెను.

ఇవి అన్నియు విఫలమైనచో, విండోస్ మార్చిన 10 దినములలోపల పాతదానికి తిరిగిపోవు వీలు సాధారణముగా ఉండును. అయితే మద్దతు ముగిసిన విధానమునకు పోవుట భద్రతకు మంచిది కాదని మరువరాదు.

మాత్ర తప్పిన మాట

పాట తడబడినచో చిరాకు కలుగును, అంతటితో సరి. కాని చూపు లేని విద్యార్థికి కంప్యూటరు గొంతే తెర. ఎన్‌వీడీఏ అను ఉచిత ప్రోగ్రాము తెర మీది అక్షరములను చదివి వినిపించును. దానిని 2006లో ఆస్ట్రేలియాలో ప్రారంభించిన మైకేల్ కరన్ స్వయముగా చూపు లేనివాడు. తెలుగును పలుకగల ఈస్పీక్ గొంతు దానితోనే లభించును.

తెలుగులో హ్రస్వమునకు ఒక మాత్ర, దీర్ఘమునకు రెండు. ఈ భేదము సెకండులో పదవ వంతు కంటె మించినది కాదు. వరుసగా నాలుగైదు విడతలు తప్పినచో ఆ కాస్త కాలము కరగిపోవును. “కాలము” కలమగును, “పాదము” పదమగును. మరియొక ప్రమాదము కలదు. విద్యుత్తు ఆదా కొరకు కొన్ని సెకండ్లు నిశ్శబ్దముగా ఉన్న సౌండు కార్డును కొత్త విధానములు నిద్రపుచ్చును. అది మేల్కొనులోపల మొదటి అక్షరము పోవును. “అసాధ్యము” సాధ్యముగా, “అశుద్ధము” శుద్ధముగా వినబడును. తుది అక్షరములు తెగినచో “వద్దు” అను మాట అసలే చేరదు. పరీక్షా ప్రశ్నను గాని, మందుల చీటీని గాని ఇట్లు వినిన వానికి కలుగు నష్టమెంతటిదో ఊహింపవచ్చును. అట్టివారి కంప్యూటరులో సౌండు కార్డు నిద్రను మాన్పించుట మొట్టమొదట చేయవలసిన పని.

కళాశాలలలో గాని, ఇండ్లలో గాని కంప్యూటరు విధానమును మార్చువారు తెర వెలిగినదా, ఇంటర్నెట్టు వచ్చినదా అని చూచి ఊరకొనరాదు. పది నిమిషములు తెలుగు మాటలను చదివించి, చెవియొగ్గి వినవలెను. మొదటి అక్షరము నుండి తుది అక్షరము వరకు, ఏ మాత్రయు జారక, ప్రతి మాటయు వేళకు అందినప్పుడే ఆ మార్పు పూర్తియైనట్లు.