కాంచనబురి సమాధులు

థాయిలాండులోని కాంచనబురి పట్టణంలో, రైల్వే స్టేషనుకు చేరువలో, ఒక విశాలమైన శ్మశానవాటిక ఉన్నది. అందులో రెండవ ప్రపంచయుద్ధపు బందీలు సుమారు 7,000 మంది నిద్రిస్తున్నారు. పచ్చిక నడుమ బారులు తీరిన ఫలకాలలో చాలావాటిపై సైనికుని పేరు, దళం, మరణించిన తేదీ చెక్కబడి ఉన్నాయి.

1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపాను వశమైంది. బర్మాలోని సేనలకు సముద్రమార్గాన సామగ్రి చేరవేయడం అపాయకరం కావడంతో, జపాను కొండలు తొలిచి, అడవులు నరికి 415 కిలోమీటర్ల రైలుమార్గం వేయించింది. ఆ పనిలో నియుక్తులైన యుద్ధబందులు 60,000 మందికి పైగా. బ్రిటిషువారు, ఆస్ట్రేలియనులు, డచ్చివారు వారిలో ముఖ్యులు. 1943 అక్టోబరులో మార్గం పూర్తయ్యేసరికి ఆకలికి, కలరాకు, దెబ్బలకు వేలాదిమంది బలియైనారు. మొత్తం మృతులు 12,000కు మించుతారు.

బందీలు తమవారి మరణాలను కాపలాదారుల కన్నుగప్పి వ్రాసి దాచుకొన్నారు. యుద్ధం ముగిసిన 1945లోనే మాజీ బందీలతో కూడిన చిన్న బృందమొకటి ఆ దారి పొడవునా గాలించి, 144 శ్మశానాలలో 10,549 సమాధులను గుర్తించింది. దొరకనివి 52 మాత్రమే! ఆ కాగితాలే లేకుంటే నేటి ఫలకాలపై పేర్లెక్కడివి?

అదే మార్గాన బందీలకంటె మూడింతల మంది ఆసియా శ్రామికులు పనిచేశారన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. మలయా రబ్బరు తోటలనుండి తరలింపబడిన తమిళులు, తెలుగువారు వారిలో ఉన్నారు. వీరి పూర్వులు విశాఖ, గోదావరి ప్రాంతాలనుండి కూలికై ఓడలెక్కినవారు. రోజుకొక డాలరు కూలి అని ఆశపెట్టి కొందరిని, బలవంతాన మరికొందరిని రైళ్లలో కుక్కి పంపారు. వీరి శిబిరాలలో వైద్యులు అరుదు. మరణాలు వ్రాసిపెట్టే అధికారులు లేరు. కలరా సోకినవారిని సామూహికంగా గోతులలో పూడ్చారు. మృతులు 90,000 వరకు ఉంటారని చరిత్రకారుల అంచనా. బందీల లెక్క ఒక్కొక్క సమాధివరకు తేలగా, వీరి లెక్క వేలకు వేలుగా అంచనాయే!

1944లో జపాను సైన్యమే కాంచనబురిలో మృతులకొక స్తూపం కట్టించింది. దాని ఫలకాలలో తమిళం ఉన్నది, తెలుగు లేదు. 1990లో ఆ పట్టణంలోనే శ్రామికుల అస్థికలతో నిండిన గోయి బయటపడింది. చివరకు 2023లో, మలేషియాలోని భారతీయ సంతతివారి చొరవతో, అక్కడ ఒక వీరగల్లు నిలిచింది.