మామ్మ బల్ల - నేను నేర్చుకున్న వడ్రంగం



ఈసారి మన గోడ పత్రికకి కవితలు, పొడుపు కథలు చాలా వచ్చాయి. నేను మాత్రం ఒక బల్ల గురించి రాస్తున్నాను. నవ్వకుండా ఆఖరు దాకా చదవండి.

మా మామ్మకి మోకాళ్ళ నొప్పులు. నేల మీద కూర్చుంటే మళ్ళీ లేవలేదు. ఇంట్లో ఉన్న పీటలు జానెడు ఎత్తు కూడా ఉండవు. అందుకని సంక్రాంతి సెలవుల్లో ఆవిడకి ఒక బల్ల చేద్దామనుకున్నాను. అప్పుడే మా కాఫీ తోటలో గాలికి పడిన సిల్వర్ ఓక్ చెట్టుని నాన్న పలకలు కోయించాడు. అందులో రెండు పలకలు అడిగి తీసుకున్నాను. రెండు రోజుల్లో బల్ల తయారైంది. మూడో రోజు ఎర్ర రంగు కూడా వేసేశాను. ఊళ్ళో అందరూ వచ్చి చూసి మెచ్చుకున్నారు. నాకు గర్వం వచ్చింది.

వేసవి సెలవులకి వెళ్ళేసరికి ఆ బల్ల ఊగుతోంది. పై పలక వంపు తిరిగింది. రంగు పొలుసులు పొలుసులుగా లేచిపోతోంది. రేపు బాగుచేద్దాంలే అనుకున్నాను. ఆ సాయంత్రమే మామ్మ దాని మీద కూర్చుంది. ఒక కాలు ఊడిపోయి మామ్మ పక్కకి పడిపోయింది. మోచెయ్యి వాచిపోయి వారం రోజులు అన్నం ఎడమ చేత్తో తిన్నది. "నీ తప్పు ఏటీ లేదే, నా బరువే ఎక్కువైపోనాది" అంది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాటకే నాకు ఎక్కువ ఏడుపొచ్చింది.

మా మామ పాడేరులో ఒక వడ్రంగి కొట్టులో పని చేస్తాడు. మామ్మని చూడ్డానికి వచ్చి, విరిగిన బల్లని తిరగేసి చూసి, "పచ్చి చెక్కతో సేసీసినావేటే?" అని అడిగాడు. అక్కడ మొదలైంది నా చదువు. మామ చెప్పినవి, నేను చేసి చూసినవి కింద రాస్తున్నాను.

1. పచ్చి చెక్క ఎందుకు పనికిరాదు?

చెట్టు కొట్టినప్పుడు చెక్క నిండా నీరు ఉంటుంది. ఆరుతున్న కొద్దీ చెక్క చిక్కిపోతుంది. అయితే అన్ని వైపులా ఒకేలాగ చిక్కిపోదు. పొడుగులో దాదాపు మార్పు ఉండదు. వెడల్పులో బాగా తగ్గుతుంది. మోడు మీద గుండ్రంగా వలయాలు కనిపిస్తాయి కదా, ఆ వలయాల వెంబడి ఎక్కువగాను, వలయాలకి అడ్డంగా అందులో సుమారు సగమూ తగ్గుతుంది. ఇలా తేడాగా తగ్గడం వల్లనే పలక వంపు తిరుగుతుంది, చీలుతుంది. చెక్క చిక్కిపోతే కన్నం, మేకు వదులైపోతాయి. నా బల్ల ఊగడానికి కారణం ఇదే.

పలకల్ని ఆరబెట్టడానికి ఒక పద్ధతి ఉంది. ఎండలో పడెయ్యకూడదు, చివర్లు పగిలిపోతాయి. నీడలో, గాలి తగిలే చోట, నేలకి ఎత్తుగా పేర్చాలి. పలకకీ పలకకీ మధ్య సన్నని పుల్లలు పెట్టాలి. అప్పుడు గాలి అన్ని వైపులా ఆడుతుంది. నాన్న మిగిలిన పలకల్ని చూరు కింద అలాగే పేర్చాడు. అవే నాకు పనికొచ్చాయి.

ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది? మిరియాలు తూచే కాటా మీద ఒక పలకని నాలుగేసి రోజులకి ఒకసారి తూచాము. మొదట బరువు తగ్గుతూ వచ్చింది. తరువాత రెండు సార్లు ఒకే బరువు చూపించింది. "ఇప్పుడు ముట్టుకో" అన్నాడు మామ.

సిల్వర్ ఓక్ మన చెట్టు కాదు, ఆస్ట్రేలియాది. కాఫీకి నీడ కోసం మన కొండల్లో వేశారు. మిరియాల తీగ కూడా దాని మీదకే పాకిస్తాం. చెక్క తేలిక, కొయ్యడం సులువు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి మంచిది. కానీ నేల తడి తగిలితే త్వరగా పాడవుతుంది. చెదలు మట్టిలోంచి గొట్టాలు కట్టుకుని వస్తాయి కాబట్టి కాళ్ళ కింద రాతి పలకలు పెట్టాం. రోజూ ఊడ్చేటప్పుడు చూస్తే మట్టి గొట్టం కనిపించిపోతుంది.

2. కాళ్ళు ఎందుకు ఊడాయి?

నేను పై పలక మీంచి కాళ్ళ చివర్లలోకి మేకులు కొట్టాను. కాలి చివర చెక్క నారలు నిలువుగా ఉంటాయి. నారల మధ్యకి దిగిన మేకు గట్టిగా పట్టదు. నారలకి అడ్డంగా దిగితేనే పట్టు ఉంటుంది.

మామ కుసి, బెజ్జం పద్ధతి నేర్పాడు. అడ్డపట్టె చివర సన్నగా చెక్కి కుసి చెయ్యాలి. కాలిలో దానికి సరిపడా బెజ్జం తొలవాలి. కుసి మందం పట్టె మందంలో సుమారు మూడో వంతు ఉండాలి. బెజ్జంలోకి అది బిగువుగా వెళ్ళాలి, సుత్తితో బాదే అంత బిగువు కాదు. జిగురు రాసి బిగించి, తాడుతో కట్టి ఒక రాత్రి ఉంచాలి.

వినడానికి సులువుగా ఉంది కదా? నేను నాలుగు కుసులు పాడు చేశాను. గీత మీద కోసేదాన్ని. గీత పక్కన, వదిలేసే వైపు కొయ్యాలి. ఎక్కువ ఉంటే తరువాత తియ్యొచ్చు, తక్కువైతే అతకలేం. ఇంకో మాట. ఉలి ముందు ఎప్పుడూ చెయ్యి పెట్టకండి. నా ఎడమ బొటనవేలు మీద మచ్చ చూసినవాళ్ళకి ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

చివరగా ఇటూ అటూ ఏటవాలు పట్టెలు వేశాం. లెక్కల టీచర్ చెప్పినది ఇక్కడ గుర్తొచ్చింది. నాలుగు పుల్లలతో చతురస్రం చేసి నెడితే వాలిపోతుంది. మూడు పుల్లల త్రిభుజం వాలదు. ఏటవాలు పట్టె వెయ్యగానే బల్లలో త్రిభుజాలు ఏర్పడతాయి. ఆ ఒక్క పట్టెతో ఊగడం ఆగిపోయింది.

3. రంగు ఎందుకు లేచిపోయింది?

లోపల తడి ఉన్న చెక్కకి రంగు వేస్తే ఆ తడి బయటికి వస్తూ రంగుని లేపేస్తుంది. పైగా నేను ఉప్పుకాగితం రుద్దలేదు, ప్రైమర్ వెయ్యలేదు, డబ్బా అంతా ఒకేసారి దట్టంగా పూసేశాను. ఎనామిల్ రంగు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. దట్టంగా వేస్తే పైన పొర కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. అందుకే ముడతలు పడ్డాయి.

సరైన వరస ఇది: ముందు 80 నంబరు ఉప్పుకాగితం, తరువాత 120, నారల వెంబడి రుద్దాలి. దుమ్ము తుడిచి ప్రైమర్ వెయ్యాలి. ఆరాక మేకు కన్నాలకి లప్పం పెట్టి, 220 నంబరుతో మెత్తగా రుద్దాలి. అప్పుడు పల్చగా రెండు చేతులు రంగు. మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. వాన రోజున వెయ్యకూడదు. కోళ్ళని గంప కింద మూయాలి. ఈ ఆఖరి మాట నేను మరిచిపోయాను. మా కోడిపిల్ల పచ్చి రంగు మీద నడిచింది. దాని పాదాలు ఇప్పటికీ బల్ల మీద ఉన్నాయి.

4. పాత రంగుతో జాగ్రత్త

పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. అది పిల్లల మెదడుకి చెడు చేస్తుంది. మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి ఇంటి రంగుల్లో సీసం పది లక్షల వంతుల్లో 90 వంతులు మించకూడదని నిబంధన వచ్చింది. అంతకుముందు రంగు వేసిన మంచాల్ని, కిటికీల్ని పొడిగా గీకకండి. ఆ పొడి గొంతులోకి పోతుంది. పెద్దవాళ్ళు తడిపి రుద్ది, పొడిని గుడ్డతో తుడిచి పారెయ్యాలి. చిన్న క్లాసు పిల్లలు దగ్గర ఉండకూడదు.

బల్ల పూర్తయ్యాక ముందు నాన్న కూర్చున్నాడు, తరువాత మామ, తరువాత ఇద్దరూ కలిసి. మామ్మ మాత్రం రెండు రోజులు దాని దగ్గరికి రాలేదు. మూడో రోజు పొద్దున్న నేను లేచేసరికి బల్ల మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి, "కోడిపిల్ల అడుగులు బాగున్నాయే" అంది. నేనేమీ మాట్లాడలేదు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. బల్ల ఊగలేదు.

వార్డెన్ గారికి ఒక మనవి. మన భోజనాల హాలులో మూడు బెంచీలు ఊగుతున్నాయి. వాటికి కావలసినవి ఏటవాలు పట్టెలు, ఒక రంపం, ఒక సుత్తి, కొంచెం జిగురు. ఒక ఆదివారం అనుమతి ఇప్పిస్తే 8, 9 తరగతుల వాళ్ళం చేస్తాం. ఆడపిల్లలకి ఉలి ఎందుకు అని మా ఊళ్ళోనూ కొందరు అన్నారు. వాళ్ళు ఇప్పుడు మా ఇంటికొస్తే ఆ బల్ల మీదే కూర్చుంటున్నారు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని