దాదా పెట్టెలో పాత రివాల్వర్: అసలు ఏది, మార్చింది ఏది, విలువ ఎంత?

దాదా కన్నుమూసిన కొన్ని నెలలకు ఇల్లు సర్దుతుంటే, పాత ట్రంకు పెట్టె అడుగున నూనె గుడ్డలో చుట్టిన బరువైన మూట ఒకటి బయటపడుతుంది. విప్పి చూస్తే రివాల్వర్. పెద్దకొడుకు "ఇది మొదటి ప్రపంచ యుద్ధం నాటిది, లక్షలు పలుకుతుంది" అంటాడు. గల్ఫ్‌లో ఉన్న తమ్ముడు ఫోన్‌లో అమెరికా వేలం ధరలు వెతికి "మరి నా వాటా?" అంటాడు. తల్లి మాత్రం "ముందు దాన్ని పిల్లలకు అందకుండా పెట్టండి" అంటుంది. ముగ్గురిలో సరైన మాట అన్నది తల్లే.

సైన్యంలోనో, పోలీసు శాఖలోనో, జాగీర్ల కొలువులోనో పనిచేసిన పెద్దలున్న కుటుంబాలకు ఇలాంటి పరిస్థితి ఎదురుకావచ్చు. అప్పుడు మూడు ప్రశ్నలు వస్తాయి. చట్ట ప్రకారం దీన్ని ఉంచుకోవచ్చా? ఇది అసలు ఏ ఆయుధం, తర్వాత ఎవరైనా మార్చారా? విలువ ఎంత? వీటికి ఈ వరుసలోనే జవాబు వెతకాలి. మూడో ప్రశ్నతో మొదలుపెట్టిన కుటుంబాలే చిక్కుల్లో పడతాయి.

చట్టం ఏమంటుంది?

పాతది కాబట్టి లైసెన్స్ అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 45లో పురాతన ఆయుధాలకు ఒక మినహాయింపు ఉన్నమాట నిజమే. కానీ అది మరమ్మతు చేసినా, చేయకపోయినా తుపాకీగా పనికిరాని ఆయుధాల గురించి చెప్పినది. కొంచెం బాగుచేస్తే పేలే రివాల్వర్‌ను ఈ మినహాయింపు నమ్ముకుని ఇంట్లో పెట్టుకోవడం ప్రమాదం.

2019 సవరణ తర్వాత లైసెన్స్ లేకుండా మామూలు తుపాకీ ఉంచుకుంటే 2 నుంచి 5 ఏళ్లు, నిషేధిత ఆయుధమైతే 7 నుంచి 14 ఏళ్లు జైలు శిక్ష పడవచ్చు. పాత బ్రిటిష్ సైనిక రివాల్వర్లలో వాడిన .455, .380 తూటాలు పట్టే రివాల్వర్లను నిబంధనలు నిషేధిత తరగతిలో ఉంచాయి. అంటే తాతల నాటి జ్ఞాపకం అనుకున్నదే ఇంట్లో అన్నిటికంటే పెద్ద కేసు కావచ్చు.

లైసెన్స్‌దారు చనిపోతే ఆ లైసెన్స్ వారసులకు దానంతట అది రాదు. ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్స్ ఉన్న ఆయుధ వ్యాపారి దగ్గరో డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి. ఉంచుకోదలిస్తే వారసుల్లో ఒకరు, మిగతావారి అంగీకార పత్రంతో కొత్త లైసెన్స్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. జిల్లాల్లో కలెక్టర్‌కు, హైదరాబాద్‌లో పోలీస్ కమిషనర్‌కు ఈ దరఖాస్తు వెళ్తుంది. పాత లైసెన్స్ కాగితమే దొరకకపోతే, ఆయుధాన్ని సంచిలో వేసుకుని స్టేషన్‌కు బయలుదేరవద్దు. ముందు న్యాయవాదితో మాట్లాడి, పోలీసులకు రాతపూర్వకంగా తెలియజేయడం మేలు.

ఈలోగా ట్రిగ్గర్ నొక్కి చూడటం, లోపల తూటా ఉందేమోనని విప్పబోవడం చేయకూడదు. తూటా ఉన్నట్టే భావించి తాళం వేసి పెట్టాలి. మిగతా పరిశీలన అంతా డిపాజిట్ అయ్యాక, తెలిసినవారి సమక్షంలో జరగాల్సినదే.

గుర్తుపట్టడం ఎలా?

ఉదాహరణకు బర్మింగ్‌హామ్‌కు చెందిన వెబ్లీ కంపెనీ రివాల్వర్లు తీసుకుందాం. బ్రిటిష్ సైన్యం వీటిలో మొదటి రకాన్ని 1887లో తీసుకుంది. అందరికీ బాగా తెలిసిన మార్క్ 6 రకం 1915లో వచ్చింది. ఇది 6 తూటాల రివాల్వర్, కిలోకు పైగా బరువు, బ్యారెల్ పొడవు 6 అంగుళాలు. మధ్యలో మడతబందులా తెరుచుకుంటుంది, తెరవగానే ఖాళీ తొడుగులు పైకి లేస్తాయి. అంతకుముందు రకాల పిడి చివర పక్షి తలలా గుండ్రంగా వంగి ఉంటే, మార్క్ 6 పిడి చివర చదరంగా ఉంటుంది. పిడికి రెండు వైపులా నల్లటి గట్టి రబ్బరులాంటి వల్కనైట్ పలకలు ఉంటాయి.

తర్వాత చూడాల్సినవి ముద్రలు. రకం పేరు, తయారీ సంవత్సరం, వరుస నంబరు, బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి అని చెప్పే బాణం గుర్తు, పరీక్షశాల ముద్రలు లోహం మీదే కనిపిస్తాయి. ఒకదానికొకటి ఎదురెదురుగా ఉన్న రెండు బాణాలు కనిపిస్తే ఆ ఆయుధాన్ని సైన్యం అధికారికంగా అమ్మేసిందని అర్థం. వీటిని భూతద్దంతో చూసి, మంచి వెలుతురులో ఫొటోలు తీసి, ఒక కాగితం మీద ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి.

ఇంటి కథను ఈ ముద్రలే పరీక్షిస్తాయి. హైదరాబాద్ లాన్సర్స్ దళం మొదటి ప్రపంచ యుద్ధంలో పాలస్తీనా దాకా వెళ్లింది. "మా ముత్తాత 1918లో అక్కడ వాడిన రివాల్వర్ ఇదే" అని ఒక కుటుంబం చెప్పుకుంటుందనుకుందాం. దాని మీద ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ ముద్ర ఉంటే ఆ కథ నిలవదు. ఎన్‌ఫీల్డ్‌లో మార్క్ 6 తయారైంది 1921 నుంచి 1926 వరకే. ముత్తాత ఆ యుద్ధానికి వెళ్లలేదని దీనర్థం కాదు. ఈ రివాల్వర్ మాత్రం ఆ తర్వాతే ఆయన చేతికి వచ్చి ఉండాలి.

నకళ్లు కూడా ఉన్నాయి. పెషావర్ దగ్గరి దర్రా ఆదమ్ ఖేల్‌లో తరతరాలుగా చేతిపనివాళ్లు వెబ్లీలాంటి ఆయుధాలను అచ్చు దింపుతూ వచ్చారు. ఇంగ్లీష్ అక్షరాలు తలకిందులుగా ఉండటం, స్పెల్లింగ్ తప్పులు, రకానికి సరిపోని సంవత్సరం ఇలాంటి నకళ్ల ఆనవాళ్లు.

మార్పును పట్టుకోవడం

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మిగిలిపోయిన వెబ్లీలు పెద్ద సంఖ్యలో అమెరికా మార్కెట్‌కు చేరాయి. అక్కడ .455 తూటాలు దొరకడం కష్టం, .45 ఏసీపీ తూటాలు మాత్రం ఎక్కడైనా దొరుకుతాయి. ఏసీపీ తూటాకు అడుగున బయటికి పొడుచుకొచ్చే అంచు ఉండదు. దాన్ని పట్టి ఉంచడానికి పల్చటి రేకు క్లిప్పు కావాలి, ఆ క్లిప్పుకు చోటు కావాలి. అందుకని సిలిండర్ వెనుక భాగాన్ని కొంత అరగదీశారు. అలా మారిన మార్క్ 6లు నేటికీ చాలా కనిపిస్తాయి.

సిలిండర్ వెనుక, ఫ్రేమ్‌కు మధ్య సందు మామూలు కంటే వెడల్పుగా ఉంటే, అక్కడి లోహం మీద కొత్త కోత మెరుపు కనిపిస్తే ఈ మార్పును అనుమానించాలి. అరగదీసిన లోహం తిరిగి రాదు కాబట్టి సేకరించేవాళ్ల దృష్టిలో దాని విలువ బాగా పడిపోతుంది. భద్రత సమస్య కూడా ఉంది. .45 ఏసీపీ తూటా గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 21,000 పౌండ్లు. వెబ్లీని రూపొందించింది అంతకంటే చాలా తక్కువ పీడనమున్న .455 తూటాకు.

మిగతా మార్పులు కంటితోనే తెలుస్తాయి. కోసి పొట్టి చేసిన బ్యారెల్, తర్వాత వేయించిన నికెల్ పూత, ముత్యపు చిప్ప పిడి, ఫ్రేమ్ మీద ఒక నంబరు సిలిండర్ మీద మరో నంబరు, రుద్ది రుద్ది చెరిగిపోయిన ముద్రలు. అయితే తొందరపడి తీర్పు ఇవ్వకూడదు. పొట్టి బ్యారెల్ కనిపించగానే కోసేశారు అనలేం. మార్క్ 5 రకం మామూలుగా 4 అంగుళాల బ్యారెల్‌తోనే వచ్చింది.

ప్రతి మార్పూ విలువ తగ్గించదు

ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు అన్నదే కీలకం. అమెరికాలో కోల్ట్ కంపెనీ 1851 నేవీ రివాల్వర్ మందుగుండు విడిగా నింపుకునే రకం. వెనుక నుంచి తూటా పెట్టే సిలిండర్ మీద రోలిన్ వైట్ పేటెంట్ హక్కు స్మిత్ అండ్ వెసన్ కంపెనీ చేతిలో ఉండేది. 1869లో ఆ గడువు ముగిసింది. ఆ తర్వాత కోల్ట్ తన పాత రివాల్వర్లను, మిగిలిన విడిభాగాలను తానే లోహపు తూటాలకు అనువుగా మార్చి అమ్మింది. అవి ఇప్పుడు విడిగా ఒక రకంగా పేరు తెచ్చుకున్నాయి, సేకరించేవాళ్లు వాటి కోసం ప్రత్యేకంగా వెతుకుతారు. అదే పనిని యాభై ఏళ్ల తర్వాత ఒక వీధి మెకానిక్ చేస్తే దాన్ని పాడుచేయడం అంటారు.

మరి ధర?

నెట్‌లో అమ్మకందారు అడిగే ధర విలువ కాదు. వేలంలో నిజంగా అమ్ముడైన ధర చూడాలి. అదీ అదే రకం, అదే స్థితి, అదే మార్పు ఉన్నదానిది. మార్పులేని రివాల్వర్ ధరను మార్చినదానికి అంటగట్టకూడదు. అసలు పూత ఎంత మిగిలింది, నంబర్లు కలుస్తున్నాయా, ఎవరికి ఇచ్చారో చెప్పే పాత కాగితాలు ఉన్నాయా అన్నవి ధరను పెంచుతాయి, తగ్గిస్తాయి. దాదా పాత లైసెన్స్ పుస్తకం, కొలువు ఉత్తర్వు, యూనిఫాంలో ఫొటో ఉంటే పారేయవద్దు.

మెరిసేలా తోమించడం పెద్ద పొరపాటు. ఇసుక కాగితంతో తుప్పు రుద్దితే దానితో పాటు ముద్రలూ, అసలు పూతా పోతాయి. పోయిన భాగం చేయించడం, బ్యారెల్ కోయించడం లాంటి పనులు లైసెన్స్ లేనివాళ్లతో చేయిస్తే అది మరో నేరం.

అన్నిటికంటే ముఖ్యం, ధర దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో వందల డాలర్లు పలికే మార్క్ 6ను భారతదేశంలో మామూలు లైసెన్స్‌దారు కొనలేడు. ప్రభుత్వ అనుమతి లేకుండా ఆయుధాన్ని దేశం దాటించడం నేరం. వందేళ్లు దాటిన చారిత్రక వస్తువులను ప్రైవేటు వ్యక్తులు ఎగుమతి చేయకుండా 1972 పురావస్తువుల చట్టం కూడా అడ్డుకుంటుంది. కాబట్టి డాలర్లను రూపాయల్లోకి మార్చి అన్నదమ్ములు వాటాలు లెక్కేసుకోవడంలో అర్థం లేదు. చట్టబద్ధంగా కొనేవాడు లేని వస్తువుకు ఇక్కడ పంచుకునే ధర ఉండదు.

ఆ ఇంట్లో తల్లి చెప్పిన మాటతోనే మొదలుపెట్టాలి. ముందు భద్రంగా తాళం, తర్వాత డిపాజిట్ రసీదు, ఆపైన ముద్రల ఫొటోలు. దాదా కాగితాలను, ఫొటోలను మాత్రం ఏ లైసెన్సూ లేకుండా ఇంట్లోనే దాచుకోవచ్చు. పిల్లలకు చెప్పాల్సిన కథలో చాలా భాగం వాటిలోనే ఉంటుంది.