షాకబ్జర్ల బిల్లు

ఆ ఇంట్లో భర్త కారు కిరాయికి తిప్పుతాడు. ఇంటి లెక్కలు భార్య రాస్తుంది. ఒకరోజు అతను మెకానిక్ షెడ్డు నుంచి చీటీ తెచ్చాడు. డబ్బు సాయంత్రం కట్టాలి. ఆమె చీటీని కూడబలుక్కుని చదివింది. మొదటి వరుసలో ‘స్ట్రట్లు 2’ అని ఉంది. దాని కింద ‘లేబరు 2 - రూ. 1,200’. దాని కింద ‘అలైన్‌మెంటు 2 - రూ. 1,000’.

సామానుకు డబ్బు ఇవ్వాల్సిందే. లేబరు అంత ఎందుకయింది? నాలుగు బోల్టులు విప్పడానికి ఇంతా? బ్యాంకు వాయిదా దగ్గర పడింది. ఆమె చీటీ పట్టుకుని షెడ్డుకే వెళ్లింది.

ఇంతకీ స్ట్రట్టు అంటే ఏమిటి?

ఎడ్లబండి ఎక్కిన వాళ్లకు తెలుసు. చక్రం గుంతలో పడితే దెబ్బ నడుముకు తగులుతుంది. కారులో అలా తగలదు. చక్రం పైన గట్టి స్ప్రింగు ఉంటుంది. అది దెబ్బను మింగుతుంది. కానీ స్ప్రింగు ఒకసారి నొక్కితే ఊరుకోదు. ఎగురుతూనే ఉంటుంది. దాన్ని ఆపడానికి నూనె పోసిన గొట్టం ఉంటుంది. గొట్టంలో ఒక కడ్డీ పైకీ కిందికీ ఆడుతుంది. నూనె సన్నని కంతల్లోంచి మెల్లగా జరగాలి. అందుకే ఊపు తగ్గిపోతుంది. ఆ గొట్టమే షాకబ్జరు. చాలా చిన్న కార్లకు ముందు చక్రాల దగ్గర స్ప్రింగూ గొట్టమూ ఒకటిగా బిగించి ఉంటాయి. అదే స్ట్రట్టు. 1983లో వచ్చిన మారుతి 800 కారుకూ ముందువైపు ఇవే. షెడ్డుల్లో దీన్ని కూడా షాకబ్జరనే అంటారు.

గొట్టం పాడైతే నూనె కారుతుంది. కారు ముందు మూలను చేత్తో గట్టిగా నొక్కి వదిలి చూడొచ్చు. ఒకసారి లేచి ఆగితే మంచిదే. రెండు మూడుసార్లు ఊగితే అరిగిందనుకోవాలి.

మెకానిక్కు పాత గొట్టం తెచ్చి చూపించాడు. దాని ఒంటినిండా నూనె జిడ్డు.

“చూడక్కా, ఇది నాలుగు బోల్టుల పని కాదు” అన్నాడు.

జాకీతో కారు లేపాలి. చక్రం తీయాలి. బ్రేకు గొట్టం పక్కకు తప్పించాలి. కింది బోల్టులు, బానెట్టు లోపలి నట్లు విప్పాలి. తుప్పు పట్టిన బోల్టు ఒక పట్టాన కదలదు. ఆ తర్వాతే అసలు కష్టం. స్ప్రింగును బిగింపు పరికరంతో నొక్కి పట్టి, అప్పుడు పై నట్టు తీయాలి. నొక్కకుండా తీస్తే స్ప్రింగు ఎగిరి మనిషికి కొడుతుంది. ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఈ పనిలో తొందర పనికిరాదు. ఒక్కో వైపుకు గంట నుంచి రెండు గంటలు పడుతుంది. రెండు వైపులా ఇదే పని. కాబట్టి లేబరు 2 అని రాయడం సబబే.

“ఒకటే పాడైతే రెండూ ఎందుకు మార్చావు తమ్ముడూ?” అని ఆమె అడిగింది.

రెండూ ఒకేసారి కారుకు వేసినవి. ఒకే రోడ్ల మీద తిరిగినవి. రెండోదీ అరిగే ఉంటుంది. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే కారు రెండు వైపులా ఒకేలా ఆనదు. పైగా రెండోదాని కోసం మళ్లీ రావాలి. మళ్లీ అలైన్‌మెంటు చేయించాలి. ఆ రోజు కిరాయి కూడా పోతుంది.

అలైన్‌మెంటు అంటే చక్రాలు రెండూ తిన్నగా ఉన్నాయో లేదో చూసి సరిచేయడం. స్ట్రట్టు విప్పి బిగిస్తే చక్రం కాస్త పక్కకు తిరగొచ్చు. అలాగే వదిలేస్తే టైరు ఒక అంచున అరిగిపోతుంది. కొత్త టైరు ధర తెలిసిన వాళ్లెవరూ ఈ ఖర్చు మానుకోరు.

“రెండు చక్రాలూ కలిపే చూస్తారు కదా? మరి అలైన్‌మెంటు 2 అని ఎందుకు రాశావు?” అంది ఆమె.

మెకానిక్కు చీటీ తీసుకుని చూశాడు.

“పొరపాటక్కా. లేబరు రెండు కదా అని ఇక్కడా రెండు వేశాను.”

1,000 కొట్టేసి 500 అని రాశాడు. ఆమె కొత్త చీటీ రాయించుకుంది. ఇంటికి వచ్చి లెక్కల పుస్తకంలో తేదీ వేసింది. అప్పటికి కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో భర్తను అడిగి దాని పక్కనే రాసుకుంది.