పాట పిలుస్తుంది, కానీ మందు కాదు
ఆటిజం చిన్నారులను ఆటలోకి తెచ్చే సంగీతానికీ పరిమితులున్నాయి

పేరు పెట్టి ఎన్నిసార్లు పిలిచినా చూడని పిల్లవాడు పాట వినగానే తల తిప్పుతాడు. ఆటిజం ఉన్న పిల్లల ఇళ్లలో ఇది తరచూ కనిపించేదే. అది తల్లిదండ్రుల భ్రమేమీ కాదు. హర్యానాలోని మానేసర్‌లో ఉన్న జాతీయ మెదడు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 2015లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఈ పిల్లలు మాటలు వింటున్నప్పుడు మెదడులో కొన్ని భాగాల మధ్య తగ్గే అనుసంధానం, పాటగా వింటున్నప్పుడు మాత్రం చెక్కుచెదరడం లేదు.

మ్యూజిక్ థెరపీ ఈ దారినే వాడుకుంటుంది. పాల్ నార్డాఫ్, క్లైవ్ రాబిన్స్ 1959లో మొదలుపెట్టిన పద్ధతిలో థెరపిస్టు సంగీత పాఠం చెప్పరు. పిల్లవాడు డ్రమ్ము మీద ఒక దెబ్బ వేస్తే తనూ అలాగే వేసి, ఆగి, ఎదురుచూస్తారు. కిటుకంతా ఆ ఎదురుచూపులోనే ఉంది. 'నీ వంతు, నా వంతు' అన్నది మాటలకన్నా ముందు నేర్వాల్సిన సంభాషణ. కొరియాలో కొద్దిమంది పిల్లలపై జరిగి 2008లో వెలువడిన అధ్యయనంలో, బొమ్మలతో ఆడినప్పటికన్నా సంగీతంతోనే వారు ఎక్కువసేపు కళ్లలోకి చూశారు, వంతులు పాటించారు.

అయితే పెద్ద పరీక్షలో ఫలితం నిరాశపరిచింది. తొమ్మిది దేశాల్లో 4-7 ఏళ్ల పిల్లలు 364 మందిపై జరిపిన ప్రయోగం ఫలితాలు 2017లో వచ్చాయి. మామూలు సేవలకు ఐదు నెలలు సంగీతాన్ని జోడించినా సామాజిక లక్షణాల తీవ్రతలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 26 అధ్యయనాలను కలిపి చూసిన 2022 నాటి కాక్రేన్ సమీక్ష మొత్తంమీద మెరుగుదల, జీవన నాణ్యత విషయంలో ఆశ కల్పించింది. నలుగురితో కలవడంలో మాత్రం స్పష్టమైన ఆధారం దొరకలేదంది.

అంటే థెరపీ గదిలో కుదిరిన జత బడిలోకి, వీధిలోకి దానంతటదే నడిచిరాదు. దాన్ని ఇంటికి తేవాల్సింది పెద్దలే. చెమ్మచెక్క ఆడుతూ మధ్యలో ఆగి, పిల్లవాడి చేయి ముందుకొచ్చేదాకా వేచిచూడటానికి ఖర్చేమీ లేదు. ఫోన్‌లో పాట పెట్టి వదిలేస్తే ఈ పని జరగదు, ఫోన్ ఎవరి వంతు కోసమూ ఆగదు గనుక. చెవులు మూసుకునే పిల్లలకు శబ్దం తగ్గించాలి, ఇబ్బందిపడితే ఆపేయాలి. స్పీచ్ థెరపీ వంటివి మానకూడదు. పాటలతో ఆటిజం నయం చేస్తామని ప్యాకేజీలు అమ్మేవారికి మాత్రం దూరంగా ఉండటమే మంచిది.