మతపరమైన అపరాధభావం – వ్యక్తిగత ఆధ్యాత్మికత

పరిచయం

మీ ఇంట్లో శనివారం ఒంటిపూట భోజనం చేసే ఆచారం ఉందనుకోండి. మీరు ఉద్యోగంలో చేరారు. ఒక శనివారం సాయంత్రం సహోద్యోగి పుట్టినరోజు వచ్చింది. అందరితోపాటు మీరూ బిర్యానీ తిన్నారు. ఇంటికి వచ్చాక ఆ రోజు శనివారమని గుర్తొచ్చి, రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. మరుసటి వారం మీ పాపకు జ్వరం వచ్చింది. డాక్టరు వైరస్ అన్నారు, మందు రాశారు. మీ మనసుకు మాత్రం మొదట తోచిన కారణం ఆ బిర్యానీ.

ఇలాంటి అనుభవం మీకు లేకపోయినా మీ చుట్టూ ఉన్నవారిలో చూసే ఉంటారు. తీర్చని మొక్కు, ముట్టు రోజుల్లో పొరపాటున గుడి మెట్లెక్కడం, తప్పిపోయిన నమాజు, మానేసిన ఆదివారం ప్రార్థన... మతాలు వేరైనా లోపల కలిగే బెంగ ఒకటే. మతం ఒక సామాజిక వ్యవస్థగా ఎలా పనిచేస్తుందో గత భాగంలో చదివారు. అదే మతం ఒక మనిషి లోపల భయంగా ఎప్పుడు మారుతుంది, ఆ భయాన్ని వదులుకున్న మనిషికి ఆధ్యాత్మికత మిగులుతుందా అనే ప్రశ్నలను ఈ భాగంలో పరిశీలిద్దాం.

అపరాధభావం అంటే ఏమిటి?

అపరాధభావం అంతా ఒకే రకమైనది కాదు. పక్కింటివారి దగ్గర తీసుకున్న అప్పు ఎగ్గొట్టినప్పుడు మనసు పొడుస్తుంది. ఉపవాసం తప్పినప్పుడూ పొడుస్తుంది. లోపల కలిగే బాధ ఒకేలా ఉండటం వల్ల ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తాం. కానీ మొదటి దానిలో నష్టపోయిన మనిషి ఒకరున్నారు. డబ్బు తిరిగి ఇచ్చి, క్షమాపణ అడిగితే ఆ బాధకు ముగింపు ఉంటుంది. రెండో దానిలో నష్టపోయినవారు ఎవరో చెప్పడం కష్టం. తీర్చవలసినది ఎవరికో తెలియనప్పుడు ఎంత తీర్చినా తీరినట్టు అనిపించదు.

ఈ తేడా మత సంప్రదాయాలకు తెలియనిది కాదు. యూదుల ప్రాచీన ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నాలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. వారి ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పుర్ దేవుని పట్ల చేసిన తప్పులను కడుగుతుంది. సాటి మనిషికి చేసిన తప్పు మాత్రం, ఆ మనిషిని సమాధానపరిచేవరకు పోదు. ఇస్లాంలో తౌబా విషయంలో కూడా, ఇతరుల హక్కుకు భంగం కలిగిస్తే దానిని వారికి తిరిగి చెల్లించాలని పండితులు చెబుతారు. హిందూ ధర్మశాస్త్రాల్లోని ప్రాయశ్చిత్తం, క్రైస్తవంలోని పాప సంకీర్తనం కూడా మనిషిని బరువు దింపుకొని ముందుకు సాగనివ్వడానికి ఏర్పడినవే. కాబట్టి మతమంటేనే భయపెట్టడం అని అనడం తొందరపాటు అవుతుంది. బరువు దింపడానికి ఏర్పడిన పద్ధతే బరువుగా మారినప్పుడు సమస్య మొదలవుతుంది.

ఇక పిడివాదం. ప్రశ్నించడానికి వీల్లేదని ఒక సంస్థ గానీ ఒక గురువు గానీ నిర్ణయించిన విశ్వాసాన్ని పిడివాదం అంటాం. విశ్వాసం, పిడివాదం ఒకటి కావు. దేవుడున్నాడని మీరు నమ్మడం విశ్వాసం. మీరు ఆ నమ్మకాన్ని పరీక్షించుకోవడమే పాపమని మరొకరు శాసించడం పిడివాదం. అపరాధభావం దానికి కాపలాదారు పని చేస్తుంది: సందేహం వచ్చిన క్షణంలోనే శిక్ష కూడా మొదలవుతుంది, బయటి నుంచి ఎవరూ రానక్కరలేదు. చిన్నప్పుడు ‘కళ్ళు పోతాయి’ అని లెంపలు వేయించుకున్నవారికి దీనిని వివరించి చెప్పనక్కరలేదు.

చెప్పులో రాయి

జర్మనీకి చెందిన మార్టిన్ లూథర్ 1505లో ఎర్ఫుర్ట్‌లోని ఆగస్టీనియన్ మఠంలో చేరాడు. ఉపవాసాలు, జాగరణలు, ప్రార్థనలు అన్నీ నియమం తప్పకుండా చేసేవాడు. పాపాలు ఒప్పుకోవడానికి గంటల తరబడి గురువు ముందు కూర్చునేవాడు. లేచి వచ్చాక ఇంకో చిన్న తప్పు గుర్తొచ్చేది. అతని గురువు స్టౌపిట్స్ ఓపికగల మనిషి. ఈ అంతులేని లెక్కలు మాని దేవుని దయను చూడమని నచ్చజెప్పేవాడు. చివరకు లూథర్‌కు శాంతి దొరికింది లెక్క సరిచేసుకోవడంలో కాదు, దేవుని కృప లెక్కలతో వచ్చేది కాదన్న గ్రహింపులో. 1521లో రోమన్ చర్చి అతన్ని వెలివేసింది. అయితే అతని పేరుతో వెలసిన చర్చిల్లో కూడా తర్వాత కాలంలో సిద్ధాంత కాఠిన్యం పెరిగింది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకు వస్తాం.

పాపభీతితో ప్రతి చిన్న విషయాన్ని తవ్వుకొనే ఈ స్థితికి యూరోపియన్ భాషల్లో ఉన్న పేరు ‘పదునైన చిన్న రాయి’ అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. చెప్పులో దూరిన రాయి అన్నమాట. మన వేమన కూడా చెప్పులోని రాయిని మనిషిని వేధించేవాటిలో చేర్చాడు, సందర్భం వేరైనా. ఈ భయం మితిమీరి, రోజంతా ప్రార్థన సరిగా చేశానా లేదా అని పదేపదే మొదలుపెట్టే స్థాయికి చేరితే మనోవైద్యులు దానిని అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్‌లో ఒక రూపంగా పరిగణిస్తారు. దానికి చికిత్స ఉంది. అటువంటి మనిషికి ఇంకో పూజ సూచించడం మంటలో నెయ్యి పోయడమే.

విలియం జేమ్స్ వివరణ

అమెరికన్ మనోవైజ్ఞానికుడు, తత్వవేత్త విలియం జేమ్స్ 1901–1902లో ఎడిన్‌బరోలో ఇచ్చిన ఉపన్యాసాలు 1902లో పుస్తకంగా వచ్చాయి. మతానుభవాల వైవిధ్యం వాటి విషయం. మతానికి రెండు ముఖాలున్నాయని ఆయన అంటాడు. ఒకటి సంస్థాగతం: గుడి, పురోహితుడు, క్రతువు, సిద్ధాంతం. రెండోది వ్యక్తిగతం: మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు తాను దైవంగా భావించే దానితో పెట్టుకొనే సంబంధం. రెండోదే మూలమనీ, సంస్థలన్నీ ఎవరో ఒకరి స్వానుభవం మీద తర్వాత కట్టినవేననీ ఆయన వాదన.

కొందరు సహజంగానే ప్రపంచాన్ని మంచిగా చూడగలరు, మరికొందరి మనసు లోకంలోని చెడును, తమలోని దోషాన్ని తప్పించుకోలేక రోగగ్రస్తమవుతుంది అని ఆయన వర్గీకరించాడు. రెండో రకానికి ఉదాహరణగా ఒక ఫ్రెంచి వ్యక్తి రాసినట్టు ఒక భయానుభవాన్ని పుస్తకంలో చేర్చాడు. అది తన సొంత అనుభవమేనని తర్వాత ఒప్పుకున్నాడు. అనుభవాన్ని దాని పుట్టుకను బట్టి కాక, అది జీవితంలో ఇచ్చే ఫలాన్ని బట్టి అంచనా వేయాలని జేమ్స్ సూచించాడు. మన పాఠానికి బాగా పనికొచ్చే గీటురాయి ఇది. ఒక ఆచారం పాటించాక మీరు మరింత దయగా, స్థిమితంగా ఉంటున్నారా, లేక మరింత బెదిరి, ఇతరులను తప్పుపడుతున్నారా?

ఒక ఉదాహరణ: జిడ్డు కృష్ణమూర్తి

కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. తల్లి సంజీవమ్మ ఆయన చిన్నతనంలోనే పోయింది. ఉద్యోగ విరమణ చేసిన తండ్రి నారాయణయ్య పిల్లలతో మద్రాసులోని అడయారుకు, దివ్యజ్ఞాన సమాజం ప్రధాన కేంద్రానికి చేరాడు. 1909లో అక్కడి సముద్రతీరంలో లెడ్‌బీటర్ ఈ కుర్రవాణ్ని చూసి, రాబోయే జగద్గురువుకు ఇతడే వాహకం కాగలడని ప్రకటించాడు. 1911లో ఆ గురువు కోసం ‘ఆర్డర్ ఆఫ్ ద స్టార్ ఇన్ ద ఈస్ట్’ అనే సంఘం ఏర్పడింది. దానికి ఈ బాలుణ్నే అధిపతిని చేశారు. పిల్లల్ని తిరిగి ఇప్పించమని తండ్రి అనిబిసెంటుపై దావా వేసి మద్రాసు హైకోర్టులో గెలిచాడు. 1914లో లండన్ ప్రీవీ కౌన్సిల్‌లో ఓడిపోయాడు.

1925 నవంబరులో తమ్ముడు నిత్యానంద కాలిఫోర్నియాలో క్షయతో చనిపోయాడు. అన్న అప్పుడు భారతదేశానికి వచ్చే ఓడలో ఉన్నాడు. నిత్యానందకు ఏమీ కాదని పెద్దలు భరోసా ఇచ్చి ఉన్నారు. తమ్ముడంటే ప్రాణమైన ఆయన రోజుల తరబడి విలపించాడని తోటి ప్రయాణికులు రాశారు. ఆ దుఃఖమే ఆయనను మార్చిందని జీవితచరిత్రకారులు చాలామంది భావిస్తారు.

1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో, అనిబిసెంటు సమక్షంలో, మూడు వేలకు పైగా సభ్యుల ఎదుట ఆయన ఆ సంఘాన్ని రద్దు చేశాడు. సత్యానికి నిర్ణీతమైన దారి లేదనీ, దానిని ఏ సంస్థా చేర్చలేదనీ, తనకు శిష్యులు అక్కరలేదనీ ఆయన ప్రసంగ సారాంశం. సంఘానికి వచ్చిన భూములు, కోట దాతకు తిరిగి వెళ్ళాయి. జగద్గురువు పీఠం సిద్ధంగా ఉన్నప్పుడు దానిని వదులుకున్నవారు చరిత్రలో అరుదు. ఆయన ఆ తర్వాత 1986లో చనిపోయేవరకు దేశదేశాల్లో ప్రసంగిస్తూనే ఉన్నాడు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ పాఠశాల ఆయన ఆలోచనలతో నడుస్తున్నదే.

ఆయన ఇచ్చిన సూచన సులభమైనది కాదు. భయం వస్తే దానిని ఖండించకుండా, సమర్థించకుండా గమనించమంటాడు. మన మొదటి ఉదాహరణకు దీనిని అన్వయించి చూడండి. శనివారం తప్పినందుకు మరో శనివారం రెండు పూటలూ మానడం భయానికి లొంగడం. ‘ఇదంతా మూఢనమ్మకం’ అని కావాలని తినడం కూడా ఆ భయానికే ఎదురు తిరగడం. రెండింటిలోనూ పెత్తనం భయానిదే. పాపకు జ్వరం రాగానే నా మనసు ఎవరి గొంతుతో మాట్లాడింది, ఆ మాట మొదట ఎవరు అన్నారు అని చూడటం మూడో పని. ఆ గొంతు మీ నాయనమ్మదని తేలవచ్చు. ఆమె మీద ప్రేమతోనే మీరు శనివారం కొనసాగించవచ్చు కూడా. అప్పుడు అది భయం కాదు, జ్ఞాపకం.

అభ్యంతరాలు

ఈ దృక్పథంపై న్యాయమైన విమర్శలున్నాయి. అన్నీ వదిలి ఒంటరిగా వెతుక్కొమ్మనడం చదువు, తీరిక ఉన్నవారికే సాధ్యమని కొందరంటారు. చావు ఇంటికి ఊరంతా వచ్చి నిలబడటం, దర్గా దగ్గర కలిసి కూర్చోవడం, చర్చిలో గొంతు కలపడం వ్యక్తిగత ధ్యానం ఇవ్వలేని ఆసరా ఇస్తాయి. ఈ విమర్శలో బలముంది; జేమ్స్ ఒంటరి మనిషి మీదే దృష్టి పెట్టి సామూహికతను తక్కువ చేశాడని సామాజిక శాస్త్రజ్ఞులు చాలాకాలంగా అంటున్నారు. రెండో అభ్యంతరం లూథర్ దగ్గర చూసినదే. గురువు వద్దన్న కృష్ణమూర్తి మాటలనే ప్రమాణవాక్యాల్లా వల్లించేవారు ఆయన జీవితకాలంలోనే తయారయ్యారు. ‘నాకు మతం లేదు, ఆధ్యాత్మికత ఉంది’ అనే మాట సైతం ఇతరులను చిన్నచూపు చూడటానికి వాడితే పిడివాదమే అవుతుంది.

అపరాధభావం నుంచి విడుదల అంటే అన్ని తప్పుల నుంచీ విడుదల కూడా కాదు. పక్కింటివారి అప్పు తీర్చవలసిందే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. విశ్వాసానికీ పిడివాదానికీ తేడాను ఒక ఉదాహరణతో పది వాక్యాల్లో రాయండి.

2. జేమ్స్ చెప్పిన సంస్థాగత, వ్యక్తిగత మతాలను వివరించి, దానిపై వచ్చిన విమర్శను చర్చించండి.

3. మిమ్మల్ని చాలాకాలంగా బాధిస్తున్న ఒక మతపరమైన తప్పును గుర్తుచేసుకోండి. దానివల్ల నష్టపోయిన మనిషి ఎవరైనా ఉన్నారా? ఉంటే ఆ పేరు రాయండి. లేకపోతే, అది తప్పని మొదట మీకు చెప్పినవారి పేరు రాయండి. ఈ ప్రశ్నకు మాదిరి సమాధానం ఇవ్వలేదు. రాసినదాన్ని అధ్యయన కేంద్రంలో చూపించనక్కరలేదు.