సాక్షి చూసినదెంత? విన్నదెంత?

జ్ఞాపకం అనగానే మనకు పరీక్షలే గుర్తొస్తాయి. మా ఊళ్ళో అయితే గట్టు తగాదాలు! "వాళ్ళు గట్టు చెక్కేస్తుంటే చూశావా?" అని పెద్దమనుషులు సాక్షినడుగుతారు. చెక్కారో లేదో తేలకముందే ఆ మాట ప్రశ్నలో దూరిపోయింది, చూడండి.

ఇందులో ఏముందిలే అనుకునేవాణ్ణి. 1974లో అమెరికాలో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ ప్రకటించిన ప్రయోగం చదివాక భయమేసింది. విద్యార్థులకు కార్లు ఢీకొన్న ఫిల్ములు చూపి, వేగమెంత అని అడిగారు. "తాకినప్పుడు" అంటే సగటున గంటకు సుమారు 32 మైళ్ళన్నారు. "నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు" అంటే 41. చూసిన ఫిల్ములు మాత్రం అవే! మరో జట్టుకు అలాంటి ఫిల్మే చూపి, వారం తర్వాత "పగిలిన గాజు చూశారా?" అన్నారు. అందులో గాజు పగలనే లేదు. అయినా "నుజ్జు" మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. వట్టి "గుద్దుకున్నప్పుడు" అని విన్న 50 మందిలో 7గురే. వాళ్ళు అబద్ధమాడలేదు. విన్న మాట చూసిన దృశ్యంలో కలిసిపోయింది.

జ్ఞాపకం తప్పితే నష్టం చిన్నది కాదు. అక్కడే రోనాల్డ్ కాటన్ అనే నిరపరాధి, బాధితురాలు నిజాయితీగానే పొరబడి గుర్తుపట్టడంతో, పదేళ్ళకు పైగా జైల్లో మగ్గాడు. 1995లో డి.ఎన్.ఎ. పరీక్ష వల్ల బయటపడ్డాడు.

సెలవుల్లో ఇది మా నాన్నకు చెప్పాను. "మరెలా అడగాలిరా?" అన్నాడు.

"ఏం చూశావో చెప్పు, అని ఊరుకోవాలి నాన్నా."

"మన పెద్దమనుషులు ఊరుకుంటారట్రా!" అని నవ్వాడు.